తరళ మునిగిపోయిందని చెప్పాను

తరళ చచ్చిపోలేదట. ఈ సంగతి నాకు అరవై దాటాక, కిందటి నెలలో ఒక మధ్యాహ్నం పూట తెలిసింది. తరళ మా బంధువుల పిల్ల కాదు, ఇరుగుపొరుగు మనిషీ కాదు. నా చిన్నతనంలో ఒక వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంట్లో చదివిన నవలలో కథానాయిక. ఏలూరులో మా పాత ఇల్లు బాగుచేయిస్తూ మా తమ్ముడి కొడుకు అటక మీద సామానంతా దింపించాడు. "తాతగారి పుస్తకాలు దొరికాయి అత్తా, చెదలు తినగా మిగిలినవి నీకు పంపిస్తున్నాను" అని విజయవాడకి ఒక మూట పంపాడు. అందులో అట్ట ఊడిపోయిన ఈ నవల ఉంది. పేరున్న పేజీ లేదు. మొదటి ప్రకరణం పైన నాన్న సంతకం మాత్రం, నల్ల సిరా గోధుమరంగుకి తిరిగి, అలాగే ఉంది. ముట్టుకున్న చోటల్లా కాగితం పెళుసుగా విరుగుతోంది. దుప్పటి మడతమీద పెట్టుకుని, పేజీ తిప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకుని చదివాను.

చివరి ప్రకరణం మూడుసార్లు చదివాను. తరళ గోదావరిలో దిగుతుంది, నీళ్ళు నడుము దాకా వస్తాయి. అంతవరకూ నాకు గుర్తున్నట్టే ఉంది. పేజీ తిప్పితే రేవులో పడవవాడు కేకేస్తాడు. తరళ వెనక్కి తిరుగుతుంది. తడిబట్టలతోనే అత్తవారింటికి వెళ్ళి మామగారి కాళ్ళమీద పడుతుంది, ఆయన లేవదీసి లోపలికి తీసుకుపోతాడు. కథ అయిపోయింది. కింద ఒక పువ్వు బొమ్మ. నేనేమో యాభై ఏళ్ళుగా ఆ పిల్ల గోదావరిలో మునిగి చచ్చిపోయిందనే అనుకుంటున్నాను. అనుకోవడమే కాదు, పన్నెండేళ్ళ వయసులో నలుగురి ముందు నిలబడి అలా అని చెప్పాను కూడా. ఆ ఒక్క మాటవల్ల మా సుగుణ పిన్ని బతుకులో ఏం జరిగిందో, అందులో నా పాపం ఎంతో, అసలు ఉందో లేదో, ఈ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏదీ తేలడం లేదు.

మా నాన్న ఏలూరులో మిషను బడిలో టీచరు. ఆయనకి రెండే సరదాలు: ఆదివారం ఆరాధనలో గొంతెత్తి పాడడం, నవలలు తెప్పించుకోవడం. పోస్టులో వచ్చిన పుస్తకాన్ని ముందు వాసన చూసేవారు, తర్వాత సంతకం చేసేవారు, ఆ తర్వాతే చదివేవారు. మా అమ్మకి ఈ సరదా అంటలేదు. అమ్మ చెల్లెలు సుగుణ పిన్నికి అంటింది. పిన్ని మా ఇంట్లో ఉండే ఎనిమిదో క్లాసు దాకా చదువుకుంది. పందొమ్మిదో ఏట పెళ్ళయింది, ఇరవై ఒకటో ఏట ఆయన విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మండవల్లికి అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న పుట్టింటికి తిరిగి వచ్చేసింది. అప్పట్నుంచీ బడులు మూసిన మర్నాడు నాన్న నన్ను అమ్మమ్మ దగ్గర దింపడానికి వస్తూ, నా ట్రంకుపెట్టె అడుగున మూడో నాలుగో నవలలు సర్దేవారు. "ఇవి మీ పిన్నికి. నువ్వు ముట్టుకోకు, ఇంకా నీకు వయసు రాలేదు" అనేవారు. ముట్టుకోవద్దన్న వస్తువు మీద పన్నెండేళ్ళ పిల్లకి ఎంత ధ్యాస ఉంటుందో నాన్నకి తెలియక కాదు, తెలిసే అనేవారేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఏలూరు నుంచి సగం దూరం ఎడ్లబండి, సగం దూరం దోనె. ఎండలు ముదిరేకొద్దీ కొల్లేరు వెనక్కి వెనక్కి పోయేది. నీళ్ళున్న చోట దోనె, బురద తేలిన చోట దిగి నడక, గట్టిపడ్డ చోట మళ్ళీ బండి. కాళ్ళకి పట్టిన బురద ఆరి, పెంకుల్లా ఊడిపోయేది. అమ్మమ్మ ఊరు కనబడకముందే వాసన వచ్చేది: ఎండబెట్టిన చేపలు, తడిపిన తుంగ, గేదెలు, వీటన్నిటి అడుగునా నిలవనీళ్ళ చల్లటి వాసన. తొలిరోజు ముక్కు మూసుకునేదాన్ని. మూడోరోజుకి ఆ వాసనే తెలిసేది కాదు. సెలవులు అయిపోయి ఏలూరు వచ్చాక నా లంగాల్లోంచి అదే వాసన వస్తే, ఎందుకో దిగులేసి, అమ్మ ఉతకడానికి తీసుకుంటే ఇవ్వనని ఏడ్చేదాన్ని.

అమ్మమ్మ పొడుగు మనిషి. చదువు రాదు. అయినా కీర్తనలు నూటికి పైగా నోటికి వచ్చు. పొయ్యి వెలిగించబోయే ముందు గూట్లో ఉన్న బైబిలు మీద కుడిచెయ్యి ఒకసారి ఆనించి, ఆ చెయ్యి గుండెమీద పెట్టుకుని, అప్పుడు అగ్గిపుల్ల గీసేది. అచ్చుపడ్డ కాగితమంటే ఆవిడకి అంత గౌరవం. దుకాణంలో బెల్లం కట్టిచ్చిన కాగితం మీద కూడా కాలు పడనిచ్చేది కాదు. "ఎవరో కూర్చుని ఒక్కొక్క అక్షరం పేర్చి అచ్చొత్తారే. ఊరికే అబద్ధాలకి అంత కష్టపడతారా?" అనేది. నవలలంటే మొదట్లో విసుక్కుంది. కానీ మధ్యాహ్నాలు అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేరి తుంగచాపలు నేసేవారు. చేతులు ఆడుతుంటాయి, చెవులు ఖాళీ. పిన్ని స్తంభానికి ఆనుకుని చదువుతుంటే పక్కింటి రాహేలమ్మ, "మీ సుగుణ చదువుతుంటే పని తెలీడం లేదు వదినా" అంది. ఆ మాటతో అమ్మమ్మ కూడా వినడం మొదలుపెట్టింది. పిన్ని రోజుకో నవలలోంచి చదివేది. ఒకదాంట్లో కలకత్తాలో హత్య, ఒకదాంట్లో రాజపుత్రుల కోట, మూడోది తరళ కథ. నాకు అన్నీ కలిసిపోయేవి. కలకత్తా డిటెక్టివు కోటగోడ ఎక్కుతున్నట్టూ, యువరాజు గోదావరి రేవులో పడవకోసం చూస్తున్నట్టూ ఉండేది. ఎవరు ఎవరికి ఏమవుతారో మర్నాడు పిన్నిని అడిగి సరిచేసుకునేదాన్ని.

ఆ ఏడాది తరళ కథ మాత్రం అందరికీ పట్టుకుంది. తరళ చిన్నవయసులో భర్త పోయిన పిల్ల. అత్తవారింట పెద్ద మేడ, పదిమంది జనం, ఒక్క మాటాడే దిక్కు లేదు. అంతవరకూ నేను వింటూ, వెనకనుంచి పుస్తకంలోకి తొంగి చూస్తూ ఉండేదాన్ని. అక్షరాలూ పిన్ని గొంతూ కలిసి నడిచేవి. ఒక వారం గడిచాక ఏదో తేడా తెలిసింది. పిన్ని చదువుతూనే ఉంది, పేజీ తిరగడం లేదు. చూపు పుస్తకం మీదే ఉంది కాని కళ్ళు కదలడం లేదు. తరళ ఒకరోజు రైలెక్కిందని చదివింది. పట్నంలో మిషను ఆసుపత్రిలో దొరసాని ఆమెకి తెల్లబట్టలిచ్చి నర్సు పని నేర్పుతోందని చదివింది. నాకు అర్థం కాలేదు. ఆ మేడకీ ఈ ఆసుపత్రికీ మధ్య ఏదో నేను నిద్రపోయినప్పుడు జరిగిపోయిందేమో అనుకున్నాను.

"అత్తమామలు ఒప్పుకున్నారా?" అని అడిగింది అమ్మమ్మ, తుంగ పేనుతూ తల ఎత్తకుండా.

"ఒప్పుకోలేదమ్మా. అయినా వెళ్ళింది."

"నలుగురూ ఏమనుకున్నారు?"

"మొదట అన్నారు. తర్వాత వాళ్ళింట్లో పురుడొచ్చి కష్టమైతే తరళే వచ్చి తల్లినీ బిడ్డనీ బతికించింది. అప్పట్నుంచీ నోరెత్తలేదు."

"అలాగే రాశాడా పుస్తకంలో?"

పిన్ని పుస్తకంలోకి చూసింది. "అలాగే రాశాడమ్మా" అంది.

రాహేలమ్మ మాత్రం, "ఏమైనా మగాళ్ళ పుళ్ళు కడగడం ఆడపిల్లకి బాగుంటుందాండీ?" అంది. "పుండుకి ఆడా మగా ఏముంది అత్తయ్యా" అంది పిన్ని, పుస్తకం చూడకుండానే.

అసలు ఇంట్లో ఏం నడుస్తోందో నాకప్పుడు తెలియదు. తర్వాత ఎప్పటికో అమ్మ చెప్పగా విన్నాను. అమ్మమ్మ పిన్నికి ఉండి అనే ఊరి దగ్గర ఒక సంబంధం చూసింది. ఆయన చర్చిలో ఉపదేశి, భార్య పోయింది, ముగ్గురు పిల్లలు. మంచివాడే. పిన్నికి ఇష్టంలేదు. మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి తనే ఉత్తరం రాసుకుంది. రమ్మని జవాబు వచ్చింది, ఇంట్లో పెద్దవాళ్ళ సమ్మతి మాత్రం కావాలన్నారు. తాతయ్య లేడు కనక అమ్మమ్మ వేలిముద్ర కావాలి. అడిగితే అమ్మమ్మ మూడు రోజులు అన్నం మానేసిందట. అప్పుడే మా ట్రంకుపెట్టె వచ్చింది, చాపల దగ్గర తరళ కథ మొదలైంది. నోటితో చెప్పి ఒప్పించలేనిది పిన్ని పుస్తకం చేత చెప్పించబోయిందన్నమాట. అది ఎంతవరకూ పనిచేసిందంటే, ఒకరోజు చాప చుడుతూ అమ్మమ్మ, "సరే లేవే. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి ముందే వేలిముద్ర వేస్తాను" అంది. ఈ మాట నేను స్వయంగా విన్నాను. దేనికి వేలిముద్రో తెలియలేదు. పిన్ని ఆ పూట తాటిముంజలు ఒలుస్తూ ఊరికే నవ్వింది. ఒలిచినవన్నీ నా దోసిట్లోనే పోసింది.

ఆ ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా పిన్ని చెరువుకి బట్టలు తీసుకెళ్ళింది. అమ్మమ్మ వాకిట్లో చేపలు తిరగేస్తోంది. నేను నులకమంచం కిందకి దూరి తరళ నవల తెరిచాను. ఆసుపత్రి ఎక్కడొస్తుందో చూద్దామని నా ఆత్రం. మేడ ఉంది, అత్తగారు ఉంది, ఒక ప్లీడరు ఉన్నాడు. రైలు లేదు. దొరసాని లేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరి పేజీల దగ్గరికి వచ్చేసరికి తరళ చీకటితో లేచి గోదావరికి నడుస్తోంది. నీళ్ళు చీలమండల దాకా, మోకాళ్ళ దాకా, నడుము దాకా. అంతలో అమ్మమ్మ, "కాకులొస్తున్నాయే కరుణా, కర్ర పట్టుకురా" అని కేకేసింది. పుస్తకం చాపకింద తోసి పరుగెత్తాను. కాకుల్ని తోలుతూ ఏడ్చాను. ఆ పిల్ల చచ్చిపోయింది, అది ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాకొక్కదానికే తెలుసు. ఒక పేజీ మిగిలి ఉందన్న సంగతి నాకు తోచలేదు. నడుము దాకా నీళ్ళలోకి వెళ్ళిన మనిషి వెనక్కి వస్తుందని ఎలా తోస్తుంది?

ఆ మధ్యాహ్నం పిన్ని మళ్ళీ పుస్తకం తెరిచింది. తరళ పరీక్ష పాసయిందనీ, అత్తగారు ఉత్తరం రాయించిందనీ, ఆ ఉత్తరం చూసుకుని తరళ వార్డు వెనక్కి వెళ్ళి ఏడ్చిందనీ చదువుతోంది. రాహేలమ్మ ముక్కు చీదుకుంది. అమ్మమ్మ చేతుల్లో తుంగ ఆగిపోయింది. పుస్తకం అబద్ధం చెబుతోందా, పిన్ని అబద్ధం చెబుతోందా, నేనే తప్పు చదివానా? ఏదో ఒకటి తేలిపోవాలి.

"పిన్నీ, తరళ గోదాట్లో పడి చచ్చిపోయింది కదా! నువ్వు చదివేది అందులో లేదు" అన్నాను.

ఎక్కడో గూడబాతులు రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినబడింది.

"ఏమే సుగుణా, పిల్ల ఏమంటోంది?" అంది అమ్మమ్మ.

పిన్ని వేలు పేజీల మధ్య పెట్టి పుస్తకం మూసింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వు. కరుణా, నువ్వు చదువు. ఎక్కడ చూశావో అక్కడ చదువు."

పిన్ని చెయ్యి చాచి పుస్తకం నాకిచ్చింది. లాక్కుంటుందనుకున్నాను, లాక్కోలేదు. నేను బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చేతులు ముందుకు చాపి, గట్టిగా, నీళ్ళు మోకాళ్ళు దాటాయన్న చోటునుంచి చదివాను. నడుము దాకా వచ్చేసరికి అమ్మమ్మ, "చాలు" అంది. ఆపేశాను. ఆ పేజీలో ఇంకో రెండు వాక్యాలున్నాయి. ఇవాళ చూశాను, రెండే.

అమ్మమ్మ అరవలేదు. ఒడిలోని తుంగ దులుపుకుని లేచింది. "నోటితో అబద్ధం ఆడితే ఊరుకుందును. పుస్తకం పట్టుకుని ఆడావు. దాన్ని నమ్మి ఇంతమందిలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను" అంది. ఆ మాట అని లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు కాగితం తీస్తే, "నా చెయ్యి బాగోలేదండీ" అని చెప్పి చర్చి మెట్లు దిగేసింది. ఆ యేడు ట్రైనింగు పిన్నికి తప్పిపోయింది.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు దిక్కుతోచకుండా చేసింది. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది. దెబ్బ పడుతుందేమోనని భుజాలు బిగించుకుని కూర్చున్నాను. చివరికి రిబ్బను కడుతూ, "చివరిదాకా చదివావా?" అని మాత్రం అడిగింది. "చదివాను" అన్నాను. "ఓహో" అంది. ఇప్పుడు నాకు తెలియందల్లా ఇదే. పిన్నికి ఆ చివరి పేజీ తెలుసు. 'పిల్ల సగమే చదివింది, తరళ బతికే ఉంది' అని అరుగు మీదే చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదు? చెబితే తరళ వెనక్కి వెళ్ళి మామగారి కాళ్ళమీద పడిందని కూడా చదవాలి, అది తనకి ఇంకా చేటని ఊరుకుందా? లేక నలుగురిలో నన్ను తప్పుపట్టడం ఇష్టంలేకా? రెండూ నిజమే అనిపిస్తాయి. ఒక పూట ఒకటి, ఒక పూట ఒకటి.

మరుసటి వేసవికి నేను అమ్మమ్మ ఊరు వెళ్ళనన్నాను. కడుపునొప్పి అన్నాను, పరీక్షలన్నాను. నాన్న ఒక్కరే వెళ్ళి అమ్మమ్మతో మాట్లాడారు. "అత్తయ్యగారూ, మీ చెయ్యి బాగోకపోతే నేను సంతకం పెడతానండీ, మీరు వద్దనకుండా ఉంటే చాలు" అన్నారట. అమ్మమ్మ వద్దనలేదు, ఊఁ అనలేదు. పిన్ని ట్రైనింగుకి వెళ్తూ ట్రంకుపెట్టెతో ఏలూరు మా ఇంటికి వచ్చి ఒక పూట ఉంది. నాన్న పుస్తకాలు తిరిగి ఇచ్చేసింది. వంటింట్లో మా అమ్మ కూర కలుపుతూ, "నర్సు పనేమిటే సుగుణా, అందరి ఒళ్ళూ ముట్టుకుని, ఆ చేతులతోనే అన్నం తినాలి" అంటోంది. పిన్ని గుమ్మంలో నిలబడి, "ఏమే కరుణా, ఇలా రా" అంది. నేను వెళ్ళలేదు. ముఖం ఎలా చూపించాలో తెలియక పెరట్లోంచి స్నేహితురాలి ఇంటికి పారిపోయాను. రైలు వెళ్ళిపోయాక ఇంటికి వచ్చాను. నా పక్కమీద ఒక కొత్త రిబ్బను పెట్టి ఉంది.

ఆ తర్వాత యాభై ఏళ్ళు ఎలా గడిచాయంటే చెప్పడం కష్టం. అమ్మమ్మ మూడేళ్ళకి పోయింది. పోయేలోగా పిన్నితో మాట్లాడిందో లేదో నేనెవరినీ అడగలేదు, లేదంటారేమోనని భయం. పిన్ని రెండు మూడు ఊళ్ళ ఆసుపత్రుల్లో పనిచేసి, మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా, చివరికి తాడేపల్లిగూడెంలో స్థిరపడింది. నేను టీచరునయ్యాను, పెళ్ళయి విజయవాడ వచ్చేశాను. పెళ్ళిళ్ళలో రెండుసార్లు ఎదురుపడ్డాం. రెండుసార్లూ, "రైలు టైమయింది పిన్నీ" అని తప్పించుకున్నాను. నన్ను చూస్తే ఆవిడకి ఆ అరుగూ ఆ మధ్యాహ్నమూ గుర్తొస్తాయని నా నమ్మకం. నిజం చెప్పినందుకు ఒక మనిషికి ఇంత చెరుపు జరిగిందే అని బాధపడేదాన్ని. ఆ బాధలో కొంచెం గర్వం కూడా ఉండేది, ఎంతైనా నిజమే కదా చెప్పాను అని. కిందటి నెల ఆ పువ్వు బొమ్మ చూశాక అదీ పోయింది.

అందుకే వారం రోజుల క్రితం తాడేపల్లిగూడెం వెళ్ళాను. పుస్తకం తీసుకెళ్ళలేదు, రైల్లో విరిగిపోతుందని భయమేసింది. ఏలూరు దాటాక కిటికీలోంచి చూస్తుంటే, కిందటేడు మండవల్లి వైపు ఒక పెళ్ళికి వెళ్ళినప్పటి సంగతి గుర్తొచ్చింది. అమ్మమ్మ ఊరెక్కడో నేను పోల్చుకోలేకపోయాను. ఎటు చూసినా గట్లు, గట్ల మధ్య చేపల చెరువులు, ఐసుపెట్టెల లారీలు. కొల్లేరు వెనక్కి పోవడానికి చోటు లేదు. తుంగ కోసేవాళ్ళు లేరు. ఊళ్ళోకి తారురోడ్డు, కరెంటు, పిల్లలకి బళ్ళు అన్నీ వచ్చాయి. మా కాలంలో ఒక ఆడపిల్ల నర్సు కావాలంటే వేలిముద్ర కోసం ఎన్ని కథలు అల్లాల్సి వచ్చిందో వింటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మా మనవరాలు దరఖాస్తు తనే నింపుకుని, సీటొచ్చాక ఫోను చేసి చెప్పింది. నాకు సంతోషమే వేసింది. కానీ మధ్యాహ్నం పూట నలుగురు ఒకే కథకి ముక్కు చీదుకోవడం ఆ పిల్ల ఎక్కడా చూసి ఉండదు. ఏది ఎక్కువో ఏది తక్కువో లెక్క కట్టబోతే నాకు తెగదు.

పిన్ని ఇల్లు స్టేషను వెనక, రైసుమిల్లు పక్క సందులో. ఊక వాసన. ఒక గది, ఒక వంటిల్లు, తెల్లటి దుప్పటి ముడత లేకుండా పరిచిన మంచం. డెబ్బై అయిదు దాటినా నిటారుగానే ఉంది. నన్ను గుర్తుపట్టి, "నువ్వా కరుణా!" అని, తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది. కూర్చున్నాక, రైల్లో కూడబెట్టుకున్న మాట ఒక్కసారిగా అనేశాను.

"పిన్నీ, తరళ చావలేదు. నేను చివరి పేజీ చదవలేదు ఆ రోజు."

"ఏ తరళే? మీ ఇంట్లో పనిచేసే అమ్మాయా?"

నవల అన్నాను. చాపలు, అరుగు, అమ్మమ్మ, రాహేలమ్మ అంటూ మొదటినుంచీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా, రోగి చెప్పేది వింటున్నట్టు వింది. "ఏదో చదివేదాన్ని, నిజమే. మీ నాన్న పంపేవారు. అందులో ఏముందో నాకు బొత్తిగా గుర్తులేదే. అమ్మ వేలిముద్ర వెయ్యలేదు, అది గుర్తుంది. వేసేది కాదే ఎలాగూ. మెట్లెక్కే దాకా వస్తుంది, ఎక్కదు. అమ్మ తీరే అంత."

"నా వల్ల కాదా?"

"నీ వల్లేమిటి, పన్నెండేళ్ళ పిల్లవి!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను తేలికపడలేదు. ఇన్నేళ్ళు మోసింది ఆవిడ దగ్గర బొత్తిగా లేకపోతే, నేను దేన్ని మోసినట్టు? తర్వాత నవ్వు ఆపి, కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

"మరి ఇందుకా నువ్వు మా ఇంటికి రాంది? నేను వేరే అనుకున్నానే. నర్సునని అనుకున్నాను. ఆ పూట ఏలూరులో మీ అమ్మ అన్న మాట నువ్వు విన్నావు, పిలిస్తే రాలేదు. అందుకే పెళ్ళిళ్ళలో కూడా నేనే దూరంగా కూర్చునేదాన్ని. నీ పక్క విస్తరి ముందు కూర్చుంటే నువ్వు ఇబ్బంది పడతావని."

కాదు పిన్నీ అన్నాను. ఎన్ని రైళ్ళ టైములు చెప్పి తప్పించుకున్నానో అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. నేను సిగ్గుతో వెనక్కి తగ్గిన ప్రతి అడుగూ ఆవిడకి ఈసడింపులా కనబడింది. ఒక పూట కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి యాభై ఏళ్ళు పట్టింది. మిల్లు సైరను మోగింది. పిన్ని లేచి వంటింటి వైపు నడుస్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నం వండాను. చింతకాయ వేసి చేప. తింటావా, లేకపోతే నీకు రైలుకి టైమవుతుందా?"

"తినే వెళ్తాను."

ఆవిడ గూట్లోంచి కంచం తీసింది. శుభ్రంగా తళతళలాడుతున్న కంచమే. అయినా నా ఎదుట మరొకసారి మరిగే నీళ్ళు పోసి కడిగింది. అటు తిప్పి ఇంకోసారి కడిగింది. అది నర్సుల అలవాటో, నా కోసం చేస్తోందో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు. లేచి వెళ్ళి ఆ కంచం ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, తడి తుడవకుండానే చాపాను. ఆవిడ గరిటె వదిలేసి, చేత్తోనే అన్నం పెట్టింది.